తప్పు నా ఏకాగ్రతది కాదు, ఎడమ కంటిది

మొన్న ఆదివారం 18 మీటర్ల దూరం నుంచి 30 బాణాలు వేసి 241 పాయింట్లు తెచ్చుకున్నాను. పూర్తి మార్కులు 300. ముప్పైతొమ్మిదేళ్ల వయసులో విల్లు పట్టిన లెక్కల టీచరుకు ఇది గొప్పే, గొప్పగానే చెప్పుకుంటాను. నాలుగు నెలల కిందట ఇదే మైదానం నుంచి ఏడుపు దిగమింగుకుంటూ ఇంటికి వెళ్లాను. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మా ఊరి ఆర్చర్ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచినప్పటి నుంచి మా అమ్మాయికి విలువిద్య మీదే ధ్యాస. విజయవాడలో ఉంటూ దాన్ని కాదనడం కష్టం. దాన్ని చేర్పించడానికి వెళ్లి నేనూ చేరాను. ఫారాలు, డాక్టరు పత్రం ఒక్కరోజులో అయిపోయాయి. రబ్బరు పట్టీ లాగడం, నారిని ప్రతిసారీ గడ్డం కింద ఒకేచోట ఆనించడం మూడు వారాల్లో పట్టుబడ్డాయి.

పది మీటర్ల దగ్గర నా కష్టాలు మొదలయ్యాయి. ఆరు బాణాలు వేస్తే మూడు నడిమి పసుపులోనో, దాని చుట్టూ ఉన్న ఎరుపులోనో దిగేవి. మిగతా మూడు టార్గెట్ కాగితం దాటి, దాని వెనక ఉండే దిమ్మ ఎడమ అంచులో గుచ్చుకునేవి. చేయి వణికితే బాణాలు చెల్లాచెదురు కావాలి. నావి అలా కాదు. రెండుచోట్ల రెండు గుంపులుగా, పక్కపక్కనే దిగేవి. ఇది వింతగా ఉందని కోచ్‌కు చెప్పాను. ఆయన నా విల్లుకు బిగించిన గురి వలయాన్ని, అంటే సైట్‌ను, ఎడమకు జరిపారు. బాణం ఎటు పోతే సైట్‌ను అటు జరపాలన్నది సూత్రమే. కానీ జరిపాక అంచులో పడేవి మధ్యకు వచ్చాయి, మధ్యలో పడేవి కుడికి పోయాయి. గుంపులు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి.

ఒక సాయంత్రం పిల్లలందరూ వరుసలో ఉండగా ఆయన గట్టిగా అడిగారు: "మేడం, అర్జునుడికి పక్షి కన్ను ఒక్కటే కనిపించింది. మీకు ఏమేమి కనిపిస్తున్నాయి?"

నేను ఉన్నదే చెప్పాను. "సైట్ వలయం రెండుగా కనిపిస్తోందండీ."

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. మనసు ఇంట్లో పెట్టి వస్తే అలాగే ఉంటుందని, రెండు వారాలు ఐదు మీటర్ల దగ్గర చిన్నపిల్లలతో కలిసి వేయమని పంపించారు. మా అమ్మాయి నా వైపు చూడలేక తల దించుకుని తన బాణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆ దృశ్యాన్ని నేను మరిచిపోలేను. విద్యార్థికి లెక్క రాకపోతే ఏ మెట్టు దగ్గర తప్పిందో వెతకడం పదిహేనేళ్లుగా నా పని. బుద్ధి లేదని ఏ పిల్లనూ ఇంతవరకు అనలేదు.

కళ్ల డాక్టరు దగ్గరకూ వెళ్లాను. కళ్లద్దాలతో రెండు కళ్లూ ఆరుకు ఆరు అన్నారు.

చిక్కుముడి విప్పింది మనవణ్ని దింపడానికి వచ్చే ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. "అమ్మా, రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచండి. రెండు కళ్లతో ఆ సందులోంచి టార్గెట్ పసుపు చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి." పసుపు మాయమైంది. కుడి కన్ను మూస్తే పసుపు అక్కడే ఉంది. "మీది కుడిచేతి వాటం, ఎడమకంటి పెత్తనం. రెండు కళ్లూ తెరిచి ఉంటే గురి చూసేది ఎడమ కన్ను" అన్నారాయన. అంతే. అర నిమిషం పని.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. బాణం ఉండేది కుడి కంటి కింద. రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు, కంటికి సైట్‌కు మధ్య సుమారు 90. ఎడమ కన్ను గురి చూస్తే పది మీటర్ల దగ్గర బాణం దాదాపు 60 సెంటీమీటర్లు ఎడమకు పోవాలి. 80 సెంటీమీటర్ల కాగితంలో మధ్య నుంచి అంచుకు 40. నా రెండో గుంపు సరిగ్గా దిమ్మ అంచులో ఎందుకు పడుతోందో తేలిపోయింది. దూరంగా ఉన్న టార్గెట్ మీద చూపు నిలిపితే దగ్గరి వలయం రెండుగా కనిపించడం కూడా సహజమే. కుడి కన్ను పెత్తనం చేసేవాళ్లకు ఆ రెండో వలయం అడ్డు రాదు. నాకు ఒక్కోసారి అదే ముందుకు వచ్చేది, అందుకే రెండు గుంపులు.

ఎడమ కన్ను గట్టిగా మూసి వేసి చూశాను. నలభై బాణాలయ్యేసరికి రెప్ప అదిరేది, దవడ బిగుసుకునేది. చివరికి ఎడమ కంటి అద్దానికి పాలరంగు టేపు అంటించాను. కన్ను తెరిచే ఉంటుంది, వెలుగు వస్తుంది, గురి మాత్రం రాదు. నల్ల గుడ్డ కన్నా ఇదే నయం. చెమటకు టేపు ఊడుతుంది కాబట్టి వారానికోసారి మార్చండి. కప్పీలుండే కాంపౌండ్ విల్లు వాళ్లకు నారిలోనే చూపు రంధ్రం ఉంటుంది, ఈ బాధ తక్కువ. మేం వాడే, కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్‌లో దాన్ని నిబంధనలు ఒప్పుకోవు.

కంటిచూపు చురుగ్గా లేకపోతే విలుకాడు కాలేరని ఎవరైనా అంటే నమ్మకండి. ఎడమ కంటి చూపు 20/200 మాత్రమే (మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనిపించేది 20 అడుగుల దగ్గరికి వస్తేనే కనిపించేంత) ఉన్న కొరియా విలుకాడు ఇమ్ డాంగ్ హ్యున్ 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండులో, కళ్లద్దాలు లేకుండా, 70 మీటర్ల నుంచి 72 బాణాలకు 699 పాయింట్లు వేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అతనికి కనిపించేవి మసకబారిన రంగులే.

నా భుజం అప్పటికే కుడివైపు లాగడానికి అలవాటుపడింది కాబట్టి టేపుతో సరిపెట్టుకున్నాను. పిల్లల విషయంలో మాత్రం చేర్చిన రోజే ఆ పరీక్ష చేయండి, కంటిని బట్టి విల్లు ఇప్పించండి. చాలాచోట్ల ఎడమచేతి విల్లు, అంటే ఎడమచేత్తో నారి లాగేది, లేదంటారు, ఉన్నదాంతో కానివ్వమంటారు. ఒప్పుకోవద్దు.

నిన్న కొత్తగా చేరిన ఎనిమిదేళ్ల బాబు చేతులు చాపించి చూశాను. నాలాగే ఎడమ కన్ను. వాళ్ల నాన్నగారిని పక్కకు పిలిచి, ఎడమచేతి విల్లు వచ్చేదాకా బాబును వరుసలో నిలబెట్టవద్దని చెప్పాను. కోచ్ వింటున్నారని తెలిసే చెప్పాను.