గుట్టలెక్కే కాలానికి పదహారు వారాల సాధన

గత దసరా వెళ్ళిన మొదటి ఆదివారం హన్మకొండ శివారులోని ఒక గుండు మీద, తలకు పైనున్న సన్నటి అంచును పట్టుకుని ఒంటి బరువంతా వేళ్ళ మీద వేసిన క్షణంలో, నా కుడి ఉంగరపు వేలి మొదట్లో చిటుక్కుమన్న చప్పుడు పక్కనున్న మిత్రుడికి కూడా వినిపించింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన వైపు బండలు చల్లగా, పొడిగా ఉండి పట్టు బాగా దొరుకుతుంది. ఆ నాలుగు నెలలూ నేను వేలికి పట్టీ చుట్టుకుని, మిత్రులు ఎక్కుతుంటే కింద కూర్చుని చూశాను.

తప్పు నాదే. వరుసగా పదిహేను పుల్‌అప్‌లు తీయగలుగుతున్నానన్న ధీమాతో వేళ్ళ సంగతి పట్టించుకోలేదు. వేళ్ళను వంచే ప్రధాన కండరాలు వేళ్ళలో ఉండవు. ముంజేతిలో ఉండి, పొడవాటి టెండన్ల ద్వారా, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటి వాటి ద్వారా, వేళ్ళను లాగుతాయి. ఆ టెండన్లు ఎముకను విడిచి పైకి లేవకుండా అదిమి ఉంచే చిన్న పట్టీలను పుల్లీలంటారు. మాటవరుసకు మనం నరం పట్టేసిందంటాం కానీ, నాకు దెబ్బతిన్నది ఆ పుల్లీ. కండరం కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటుంది, టెండన్లకూ పుల్లీలకూ నెలలు పడుతుంది. అందుకే ఈసారి సాధనను జూలై మొదటి వారంలోనే మొదలుపెట్టి, పదహారు వారాలకు లెక్క రాసుకున్నాను.

మొదటి ఆరు వారాలు ఎక్కువగా కాళ్ళకే ఇచ్చాను. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి కదా. ఇక్కడి గ్రానైటు గుట్టల మీద మనకు తరచుగా ఎదురయ్యేవి నిలువు గోడలకంటే వాలు బండలు. వాటి మీద చేతులతో లాగడానికి ఏమీ ఉండదు. మడమ దించి, బూటు రబ్బరు వీలైనంత మేర బండకు ఆనేట్టు నిలబడి, బరువును ఒక పాదం నుంచి మరో పాదానికి నెమ్మదిగా మార్చుకోవాలి. అందుకని భద్రకాళి చెరువు కట్ట మీద పరుగు, ఒంటికాలి మీద గుంజీలు, మెట్టు అంచున మునివేళ్ళ మీద లేవడం సాధన చేశాను. వాన లేని ఆదివారాల్లో, నడుము ఎత్తు దాటని వాలు మీద చేతులు వెనక్కి పెట్టుకుని ఎక్కి దిగాను. చూసేవారికి నవ్వులాటగా ఉంటుంది గానీ, నాకు పుల్‌అప్‌లకంటే ఇదే ఎక్కువ నేర్పింది.

ఏడో వారం నుంచి వేళ్ళ వంతు. వడ్రంగి చేత 20 మిల్లీమీటర్ల లోతున్న టేకు అంచు ఒకటి చేయించి, వేళ్ళకు కోసుకోకుండా గరుకు కాగితంతో దాని మూల రుద్ది, తలుపు పైన బిగించాను. పాదాలు స్టూలు మీద ఆనించి కొంత బరువు దానిపై వదిలి, 10 సెకన్లు వేలాడి 3 నిమిషాలు ఆగడం, అలా ఆరుసార్లు. వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. ఆ 3 నిమిషాలు ఊరికే నిలబడడమే అన్నింటికంటే కష్టం. అమ్మ అటుగా వచ్చినప్పుడల్లా "ఏంది బిడ్డా, గబ్బిలం లెక్క ఆ వేలాడుడు?" అంటుంది. ప్రతి నాలుగో వారం పనిని సగానికి తగ్గిస్తాను. పొద్దున లేవగానే ఉంగరపు వేలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూస్తాను. ఏమాత్రం నొప్పి ఉన్నా ఆ రోజు టేకు అంచు జోలికి పోను.

ఇప్పుడు నడుస్తున్నది పదకొండో వారం. స్టూలు మీద ఒక్క కాలే ఆనుతోంది. ఇక ముంజేతుల ఓర్పు కోసం 7 సెకన్లు వేలాడి 3 సెకన్లు వదిలే పద్ధతిని, ఆరుసార్లు కలిపి ఒక నిమిషంగా, మొదలుపెట్టాలి. తొలి ఎక్కుడు రేగొండ దగ్గరి పాండవుల గుట్టల మీద అనుకున్నాను గానీ, అక్కడిది ఇసుకరాయి. తడిస్తే పట్టుకున్న అంచే విరిగి చేతిలోకి వస్తుంది. వానలు పూర్తిగా ఆగి బండ లోపలిదాకా ఆరేవరకు మా పక్కనున్న గ్రానైటు గుండ్లతోనే సరిపెట్టుకుంటాను.