పొద్దున ఆగని కారు

ఈ రోజు మధ్యాహ్నం కారు మళ్ళీ ఆగిపోయింది. ఈసారి నేనే ఆపించాను. అద్దాలన్నీ బిగించి రెండు గంటలు ఎండలో ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, డ్యాష్‌బోర్డ్ కింద హెయిర్ డ్రయర్ పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదో నిమిషంలో ఇంజిన్ రెండుసార్లు ముక్కింది, ఆగింది. ఆ చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

నెల కిందట మొదటిసారి ఆగినప్పుడు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. 80 మీద వెళ్తున్నాను, వెనకాలే లారీ. యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండి లాగడం లేదు. రెండు మూడు జర్కులు ఇచ్చింది. క్లచ్ నొక్కేసరికి ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోయింది, ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు ఒకేసారి వెలిగాయి, స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఇంజిన్ ఆగాక బ్రేకులకు, మన తొక్కుడుకు బలం కలిపే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమే దిక్కు. ఒకటి రెండు సార్లు మామూలుగా పడతాయి, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టి పదే పదే తొక్కకుండా, ఉన్న వేగంతోనే పక్కకు జరిగి, హ్యాజర్డ్ లైట్లు వేసి, చివర్లో ఒకే తొక్కుతో ఆపాను. బండి కదులుతున్నంతసేపూ తాళం మీద చెయ్యి వేయలేదు. పొరపాటున తాళం చేతిలోకి వచ్చేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. దిగాక కాళ్ళు వణికాయి.

ఇరవై నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే, ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఇలాంటి జబ్బుతో వచ్చే చిక్కంతా ఇదే. పూర్తిగా చెడిపోయిన కారును పట్టుకోవడం తేలిక, అది అక్కడే పడి ఉంటుంది. అప్పుడప్పుడూ ఆగే కారు గ్యారేజీలోకి వెళ్ళేసరికి ఆరోగ్యంగా ఉంటుంది.

గ్యారేజీలో ముందు స్పార్క్ ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. ఐదు రోజులకు మళ్ళీ ఆగింది. ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసే పంపు మార్చారు. నాలుగు రోజులకు మళ్ళీ ఆగింది. వాళ్ళను తప్పుపట్టను. స్విచ్ తీసేసినట్టు టక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూడాలి, ముక్కి, జర్కులిచ్చి ఆగితే పెట్రోల్ వైపు చూడాలి. నేను చెప్పిన లక్షణాలు విని ఎవరైనా పంపు దగ్గరికే వెళ్తారు. స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. మా కారు కంప్యూటర్ పంపును ఆన్ చేయమని చెప్తుంది గానీ, పంపుకు కరెంటు అందిందో లేదో చూసుకోదు. చూడని దానికి కోడ్ ఎలా వేస్తుంది? కోడ్ లేదు కాబట్టి కరెంటు వైపు అంతా బాగానే ఉందనుకోవడమే మేం చేసిన పొరపాటు.

కొత్త పంపుతో కూడా ఆగిన రోజున నాన్న ఒక నోటుబుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇక ఏదీ మార్చొద్దమ్మా. ముందు రాద్దాం" అన్నారు. గడులు ఆయనే గీశారు. తేదీ, టైము, ఎంతసేపు నడిచింది, ఎంత వేగంలో ఆగింది, ట్యాంకులో పెట్రోల్ ఎంత, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, ఎంతసేపటికి మళ్ళీ స్టార్ట్ అయింది. చివరి గడిలో ‘అంతకుముందు ఎక్కడ నిలిపాం’ అని రాశారు. ఆ గడి ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా పెద్దాయన అడిగారు కదా అని నింపుతూ వచ్చాను.

నా అనుమానమంతా క్రాంక్ సెన్సార్ మీద ఉండేది. ఇంజిన్ తిరుగుతోందా, ఎక్కడిదాకా తిరిగింది అని కంప్యూటర్‌కు చెప్పేది అదే. పాతబడితే వేడికి లోపలి తీగ తెగినట్టవుతుంది, చల్లబడితే మళ్ళీ అతుక్కుంటుంది. ఇరవై నిమిషాలు ఆగి స్టార్ట్ అవ్వడం దానికి సరిగ్గా సరిపోతుంది. అదే అని మనసులో తీర్పు ఇచ్చేసుకున్నాను కూడా.

నిన్న రాత్రి నాన్న కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్ ముందు చాలాసేపు కూర్చున్నారు. తర్వాత పిలిచి, "ఏమ్మా, పొద్దున ఒక్కసారి కూడా ఆగలేదు చూశావా?" అన్నారు.

చూశాను. మొత్తం ఏడుసార్లు ఆగింది, ఏడూ మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం ఐదుకూ మధ్యలోనే. మొన్న తెల్లవారుజామున రెండున్నర గంటలు ఏకబిగిన నడిపాను, చిన్న జర్కు కూడా లేదు. నాలుగో వరుసలో మాత్రం బయలుదేరిన పది నిమిషాలకే ఆగింది, టెంపరేచర్ ముల్లు సగానికైనా రాలేదు. వేడెక్కింది ఇంజినే అయితే రెండున్నర గంటల రోజున ఆగాలి, పది నిమిషాల రోజున ఆగకూడదు. చివరి గడి చూస్తే ఏడింటిలో ఐదుసార్లు ‘ఎండలో’ అని ఉంది. మిగతా రెండుసార్లు నేను ఆ గడి నింపలేదు.

అంటే వేడి ఇంజిన్‌ది కాదు, కారు లోపలిది. అద్దాలు బిగించి ఎండలో పెట్టిన కారు లోపల బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువగా ఉండటం మామూలే. ఆ వేడి తగిలే చోట, పంపుకు వెళ్ళే కరెంటు దారిలో ఏముంది? తాళం వెనకాల ఇగ్నిషన్ స్విచ్ ఉంది, డ్రైవర్ మోకాలి దగ్గర మెయిన్ రిలే ఉంది, అంటే కంప్యూటర్ చెప్పినప్పుడు పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా. స్విచ్ పోయి ఉంటే ఆగినప్పుడు డ్యాష్‌బోర్డ్ లైట్లు కూడా ఆరిపోవాలి. మాకు వెలుగుతూనే ఉన్నాయి, రేడియో కూడా పాడుతూనే ఉంది. ఇక మిగిలింది రిలే. రాత్రంతా నిద్ర సరిగా పట్టలేదు. ఆ కారు నాన్న 2002లో కొన్నది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. ఈ మధ్య అమ్మ దాంట్లో ఎక్కాలంటేనే భయపడుతోంది. ఆ భయం పోగొట్టాలని నాకు ఎంత ఉందో నోటుబుక్‌లో రాయడానికి గడి లేదు.

పొద్దున్నే సరంజామా అంతా సిద్ధం చేసుకున్నాం. బ్యాటరీ చూస్తే ఇంజిన్ ఆఫ్‌లో 12.6 వోల్టులు, ఆన్‌లో 14.1, ఏ బాధా లేదు. ఒక ప్లగ్ వైరుకు స్పార్క్ టెస్టర్ పెట్టి, దాని మీద గుడ్డ నీడగా కప్పి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఎదురుగా ఆనించాను. వెనక సీటు ఎత్తితే కింద పంపు కనెక్టర్ ఉంటుంది. అక్కడ టెస్ట్ ల్యాంప్ కట్టాను. నాన్న వెనకాల కూర్చున్నారు. ఆయన పని ల్యాంప్ చూడటం, పంపు చప్పుడు వినడం. తాళం ఆన్ చేయగానే సెల్ఫ్ కొట్టకముందే పంపు రెండు సెకన్లు ‘ఊఁ’ అని మోగి ఆగుతుంది. ఇలాంటి పాత కార్లు చాలావాటిలో ఆ చిన్న చప్పుడు వినిపిస్తుంది, పంపుకు కరెంటు వస్తోందనడానికి అంతకంటే తేలికైన గుర్తు లేదు.

ఎండ, హెయిర్ డ్రయర్ సంగతి మొదట్లోనే రాశాను. డ్రయర్‌ను తక్కువ వేడిలోనే పెట్టాను, కాసేపు పట్టడం, కాసేపు తీయడం. ప్లాస్టిక్ కరిగేంత వేడి పెడితే బాగున్నదాన్ని కూడా పాడుచేసినట్టే.

ఇంజిన్ ఆగగానే తాళం ఆఫ్ చేసి ఆన్ చేశాను.

"నాన్నా, మోగిందా?"

"లేదమ్మా."

మళ్ళీ ఆఫ్, ఆన్. "ఇప్పుడు?"

"లేదు. ల్యాంప్ కూడా వెలగలేదు."

సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. దిగి ఫోన్‌లో వీడియో చూస్తే స్పార్క్ టెస్టర్‌లో నీలం మెరుపులు వరసగా పడుతున్నాయి. క్రాంక్ సెన్సార్ పనిచేయకపోతే ఆ మెరుపులు ఉండవు. నెలంతా నేను అనుమానించిన భాగం నిక్షేపంగా ఉంది. చల్లబడేలోపు పని కావాలి కాబట్టి వెంటనే మోకాలి దగ్గర ప్యానెల్ తీసి, రిలే కనెక్టర్ వెనక నుంచి మీటరు పెట్టాను. రిలేకు వచ్చే వైరులో 12.4 వోల్టులు. పంపుకు వెళ్ళే వైరులో 0.2. కంప్యూటర్ నుంచి వచ్చే వైరు సెల్ఫ్ కొట్టినప్పుడు ఎర్త్ అవుతోంది, అంటే ఆర్డర్ అందుతోంది. రిలే లోపల ‘టిక్’ మని కూడా వినిపిస్తోంది. అన్నీ ఉన్నాయి, బయటికి కరెంటు మాత్రం లేదు. తాళం ఆన్‌లో పెట్టి స్క్రూడ్రైవర్ పిడితో రిలే డబ్బాను మెల్లిగా తట్టుతూ, నాన్నను మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నాను. మూడో తట్టుకు వెనక నుంచి ‘ఊఁ’ అని పంపు మోగింది, ఇంజిన్ అందుకుంది. నాన్న తాళం వదిలి నా వైపు చూశారు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

చల్లారాక బ్యాటరీ తీగ విప్పి రిలేను బయటికి తీశాను. డబ్బా మూత ఊడదీసి, లోపలి బోర్డును కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. మామూలు కంటికి ఏమీ కనిపించలేదు. నాన్న భూతద్దం ఇచ్చారు. టంకం చుక్కలన్నీ చిన్న గోపురాల్లా నున్నగా, పిన్నుల చుట్టూ అతుక్కుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం మసకగా ఉంది. దాని మధ్యలో, పిన్ను చుట్టూ, తలవెంట్రుక మందాన నల్లటి వలయం. అగ్గిపుల్లతో పిన్నును కొంచెం నెట్టితే వలయం ఒకవైపు తెరుచుకుని రెండోవైపు మూసుకుంది. అది పంపుకు కరెంటు పంపే పిన్నే.

ఇరవై ఏళ్ళకు పైగా రోజూ వేడెక్కడం, చల్లారడం. పిన్ను వ్యాకోచించే తీరు వేరు, టంకం తీరు వేరు, బోర్డు తీరు వేరు. పైగా రోడ్డు కుదుపులు. పంపు లాగే కరెంటంతా ఆ చుక్క గుండానే పోవాలి కాబట్టి బీటపడిన చోట వేడి ఇంకా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బీట అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, కరెంటు పారుతుంది. వేడికి విడిపోతాయి, పంపు ఆగుతుంది, గొట్టాల్లో మిగిలిన పెట్రోల్ ఒత్తిడి అయిపోయేదాకా ఇంజిన్ ముక్కుతుంది. ఆ జర్కులు అందుకే. పెట్రోల్ అందడం లేదన్న గ్యారేజీ వాళ్ళ మాట నిజమే. ఎందుకు అందడం లేదన్నదే మిగిలిపోయింది.

పాత టంకాన్ని పూర్తిగా పీల్చేసి, పిన్నును గీకి శుభ్రం చేసి, టంకం బాగా పట్టేలా ఫ్లక్స్ రాసి కొత్త టంకం పెట్టాను. తగరం, సీసం కలిసిన మామూలు టంకం, 183 డిగ్రీల దగ్గర కరిగేది. సోల్డరింగ్ ఐరన్ మొన పిన్నుకూ బోర్డుకూ రెండింటికీ తగిలేలా పట్టుకుని, టంకం దానంతట అది పిన్ను చుట్టూ పాకే వరకు ఆగాను. చుక్క మీద చుక్క వేసి పైపైన కప్పితే కింద బీట అలాగే ఉంటుంది. పక్కనున్న పెద్ద పిన్నులు రెండింటికీ కూడా టంకం మార్చాను, అవీ అదే వయసువి కదా.

బిగించాక మళ్ళీ అదే ఎండ, అదే డ్రయర్. ఎనిమిది నిమిషాలు దాటింది. పావుగంట దాటింది. అరగంట తర్వాత నేనే ఆపాను. రిలే డబ్బాను తట్టినా ఇంజిన్ చప్పుడులో తేడా లేదు. కొత్త రిలేకు ఆర్డర్ కూడా పెట్టాను. అది వచ్చాక టంకం పెట్టిన దాన్ని స్పేరుగా కారులోనే ఉంచుతాం.

అమ్మ వచ్చి "బాగైందా?" అని అడిగింది. అవునని వెంటనే చెప్పాలనిపించింది. కానీ ఇంకో మూడు మధ్యాహ్నాలు ఎండలో నిలిపి, నేనొక్కదాన్నే రద్దీ లేని రోడ్డు మీద నడిపి చూశాకే నిన్ను ఎక్కించుకుంటానని చెప్పాను. నాన్న అప్పటికే నోటుబుక్‌లో కొత్త పేజీ తీసి మూడు తేదీలు వేసి పెట్టారు.