గొంతు జబ్బుది, మాట ఆయనది

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలి తొమ్మిదేళ్లు. నెలకోసారి జిల్లా కేంద్రంలో ఓపీకి తీసుకెళ్తా. నెలకోసారి అంటున్నా గానీ చాలాసార్లు 15 రోజులకే మాత్రలిచ్చి స్టాక్ లేదు మళ్లీ రమ్మంటారు. మళ్లీ రావడమంటే పొద్దున ఐదింటి బస్సు, నాకైతే ఆధార్ చూపిస్తే జీరో టికెట్, వాడికి మాత్రం టికెట్ కొట్టాల్సిందే, పైగా నా కుట్టుపని ఆగుతుంది, వాడి కూలీ పోతుంది, లైన్లో మూడు గంటలు నిలబడితే లోపల రెండు నిమిషాలు. నిద్ర పోతున్నాడా, తింటున్నాడా, మాత్రలు వేసుకుంటున్నాడా. మూడూ నన్నే అడుగుతారు, వాడు పక్క స్టూల్ మీదే ఉంటాడు. డాక్టర్‌ని అనట్లేదు, బయట అంతమంది ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఒకసారి చీటీ మీద మందులు సరిగ్గా వాడట్లేదని రాసి కింద గీత గీశారు. ఇంటికొచ్చి నేను కూడా వాడిని బాగా తిట్టాను.

తర్వాత సోషల్ వర్కర్ మేడం ఒకావిడ వచ్చారు. మొదటి రోజే కుర్చీ వాడి వైపు తిప్పుకుని "మాత్రలు ఎందుకు మానేశావు నాన్నా" అన్నారు. వాడు, "పొద్దుగాల లేవలేకపోతున్న మేడం, ఆరున్నరకి అడ్డా మీద లేకుంటే మేస్త్రీ తీస్కపోడు" అన్నాడు. అంతే! రాత్రి పదింటికి వేసుకునే మాత్ర మత్తు పొద్దున దాకా ఉంటోంది. ఆవిడే చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లి మాట్లాడితే ఏడింటికే అన్నం తిని వేసుకోమన్నారు, డోసు కూడా కొంచెం తగ్గించారు. నాలుగు నెలల నా తిట్లన్నీ దండగ.

ఈ జబ్బులో ఎవరూ లేకుండానే వాడికి గొంతులు వినిపిస్తాయి. ఇంకోసారి మేడం ఆ గొంతులు ఏమంటాయని అడిగారు. వినిపిస్తున్నాయా లేదా అనేది అందరూ అడిగారు, ఏమంటాయో తొమ్మిదేళ్లలో ఎవరూ అడగలేదు, నేను కూడా. వాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. మేడం నన్ను బయట కూర్చోమన్నారు.

బస్సులో వాడే చెప్పాడు. పదహారేళ్లప్పుడు పత్తి ఏరడానికి వెళ్లిన చేను దగ్గర దాహమేసి గట్టు మీది చెంబు ముట్టుకున్నాడంట, ఆ ఆసామి కులం పేరు పెట్టి ఏం తిట్టాడో అదే మాట అదే గొంతుతో ఇప్పటికీ వినిపిస్తుందంట. దానివల్లే జబ్బొచ్చిందని నేననను, మేడం కూడా అనలేదు. "గొంతు జబ్బుది, మాట ఆయనది" అన్నారట. అది భ్రమరా పట్టించుకోకు అని ఇన్నాళ్లూ మేం చెప్తుంటే, నిజంగా జరిగిందాన్ని కూడా జరగలేదన్నట్టే అయింది వాడికి.

తర్వాత దీని గురించి చదువుతుంటే స్టాన్‌ఫర్డ్‌లో తాన్యా లూర్మన్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల పరిశోధన కనపడింది. అమెరికా, ఘనా, చెన్నైలో 20 మంది చొప్పున గొంతులు వినేవాళ్లతో మాట్లాడారు. చెన్నైలో చాలామందికి చుట్టాల గొంతులే, పని చెప్తూ సలహాలిస్తూ, తిడుతూ కూడా. అంటే మన చుట్టూ ఉన్నవాళ్లే తలలోకి కూడా వస్తారు. మరి కులం ఎందుకు రాదు? కేస్ షీట్లో దానికి గడి లేదంతే.

సామాజిక న్యాయం అంటే మీటింగుల్లో మాట అనుకునేదాన్ని. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, అత్యావశ్యక మందుల జాబితాలోవి కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైన ప్రభుత్వాసుపత్రులన్నిట్లో ఎప్పుడూ ఉచితంగా ఉండాలని. మా మండలంలో దొరికితే ఐదింటి బస్సెందుకు మాకు?

పెన్షన్ సంగతి ఇంకో తలనొప్పి. వికలాంగుల పెన్షన్ 4016 రావాలంటే సదరంలో, అంటే వైకల్యం ఎంతుందో చూసే పరీక్షలో, 40 శాతం రావాలి. తన పని తాను చేసుకోవడం, నలుగురితో కలవడం, మాట అర్థం చేసుకోవడం, పనికెళ్లడం, జబ్బు ఎన్నేళ్లది, వీటన్నిటికీ మార్కులు. నెలకి పది రోజులు అడ్డా కెళ్తున్నాడని నిజం చెప్తే మార్కులు తగ్గుతాయి. "చెప్పకు అక్కా" అన్నాడు. చెప్పాను, తర్వాత చాలా రోజులు బాధపడ్డాను.

వచ్చే గురువారం మళ్లీ ఓపీ. మేడం కాంట్రాక్ట్ ఈ నెలాఖరుకి అయిపోతుందంట, వాడికి ఇంకా చెప్పలేదు. ఆమెకి చెప్పాల్సినవన్నీ పాత కరెంటు బిల్లు వెనకాల రాసుకుంటున్నాడు.