అమ్మమ్మ పార్సిల్ ఎక్కడ ఆగింది?

త్వరగా జరిగేది అమెరికాలో, ఆలస్యమయ్యేది ఇండియాలో అన్న అభిప్రాయం ఇక్కడ, అమెరికాలో పెరిగే పిల్లలకు ఎవరూ చెప్పకుండానే ఏర్పడుతుంది. అది మా అబ్బాయిలో ఎంత నాటుకుందో 2025 దసరా ముందు, అమ్మమ్మ పంపిన కొండపల్లి బొమ్మల కోసం ఎదురుచూస్తున్నప్పుడు నాకు తెలిసింది.

ఆ ఏడాది ఆగస్టు 29 నుంచి, 800 డాలర్ల లోపు సరుకును సుంకం లేకుండా అమెరికాలోకి అనుమతించే పద్ధతి రద్దయింది. 100 డాలర్ల లోపు బహుమతులకు మినహాయింపు మిగిలినా, సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలక విమాన సంస్థలు తపాలాను తీసుకోలేదు. దాంతో భారత తపాలా శాఖ చివరకు అమెరికాకు ఉత్తరాలతో సహా అన్నీ పంపడం ఆపివేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. విజయవాడలో పోస్టాఫీసు నుంచి వెనక్కి వచ్చిన మా అమ్మ, పెట్టెను ఒక ప్రైవేటు కొరియరు వారికి అప్పగించింది. వారు చెప్పిన గడువు దాటిపోయింది, ట్రాకింగులో మాత్రం "కస్టమ్స్ పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యమే రోజూ కనిపించేది.

మూడో తరగతి చదువుతున్న మావాడు స్కూలు బస్సు ఎక్కే ముందు అది చూసి, "అమ్మమ్మ అడ్రస్ తప్పు రాసిందా?" అని అడిగాడు. డెలివరీ వ్యాను ఎన్ని ఇళ్ల అవతల ఉందో ఫోనులో చూసుకునే పిల్లవాడికి అలా తోచడంలో వింతేమీ లేదు. "ఇండియా నుంచి కదా నాన్నా, అంతే" అనేసి ఊరుకోవచ్చు. మా స్నేహితుల ఇళ్లలో ఆ మాట వింటూనే ఉంటాను, నాకది నచ్చదు. అందుకని ట్రాకింగు వివరాలను మొదటి నుంచీ వాడిచేతనే చదివించాను. విజయవాడలో తీసుకున్న తేదీ, హైదరాబాదు దాటిన తేదీ, అమెరికాలో విమానం దిగిన తేదీ అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఆగింది మాత్రం మా ఇంటికి కారులో గంట దూరంలో ఉన్న గిడ్డంగిలో.

అటు మా అమ్మ ఫోను చేసినప్పుడల్లా, "ఇంకా అందలేదా అమ్మా, నేనే ముందుగా పంపాల్సింది" అని నొచ్చుకునేది. ఒకరోజు వాడే ఫోను అందుకుని, "అమ్మమ్మా, నువ్వు లేట్ చెయ్యలేదు, ఇక్కడ రూల్ మారింది" అని తనకు వచ్చిన తెలుగులో వివరించాడు.

అక్టోబరు 2 నాటి విజయదశమి వెళ్లిపోయాక బొమ్మలు వచ్చాయి. ఏనుగు మీది అంబారీ ఒక పక్క ఊడింది, జిగురుతో అతికించాము. సంక్రాంతికి ఏం పంపమంటారని అమ్మ అడిగితే, పెట్టెలో ఏమున్నాయో, వాటి విలువెంతో కాగితం మీద విడివిడిగా రాయించమని మావాడు ముందే చెప్పాడు.