ఐదున్నర సెంట్ల జాగా: రంగు డబ్బా తెరవకముందు పనులు

జాగా అనంతపురంలో, ఇళ్ల మధ్య. ఖాళీగా ఉన్న దీన్ని జనం కూర్చుని ఆట చూసే చోటుగా మార్చి, గోడ మీద పెద్ద బొమ్మ వేయాలి. తూర్పున రోడ్డు. రోడ్డు వెంబడి 40 అడుగులు, లోపలికి 60 అడుగులు, అంటే సుమారు ఐదున్నర సెంట్లు. పడమటి హద్దు వెనకింటి వాళ్ల గోడ: 40 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. బొమ్మ వేసేది దాని మీదే.

ఫిబ్రవరి

ముందు కాగితాలు. జాగా ఒకరిది, గోడ ఇంకొకరిది. ఇద్దరి దగ్గరా విడివిడిగా రాయించుకోవాలి. జాగా కాగితంలో గడువు ఎంత, మధ్యలో ఇల్లు కట్టుకోవాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఖాళీ స్థలం పన్ను ఎవరు కట్టాలి అన్నవి ఉండి తీరాలి. గోడకైతే ఒక్క వాక్యం చాలు: సున్నం కొట్టించేముందు ఒక మాట చెప్పాలని.

తర్వాత కంపచెట్లు. కొట్టేస్తే పోయే రకం కాదు, నరికిన చోటే నాలుగు పిలకలు లేస్తాయి. నేలకు అడుగు లోతు తవ్వి మొదలు పెకలించాలి. దానికి జేసీబీ ఒక పూట చాలు గానీ, అది ముళ్లను ఏరదు. ఎండిన కంపముల్లు హవాయి చెప్పును తేలిగ్గా దాటేస్తుంది. పిల్లలు కూర్చునే చోట పైమట్టి రెండు అంగుళాలు తీసి, ఇసుక జల్లెడలో పోసి మళ్లీ పరచడం తప్ప వేరే దారి లేదు. గాజుపెంకులూ అందులోనే తేలతాయి. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి గ్లౌజులు వేసుకుని పీకాలి.

మట్టం. వాలు పడమటి గోడ నుంచి రోడ్డు వైపు: 60 అడుగులకు 7 అంగుళాలు. నీళ్ల పైపుతో మట్టం చూస్తే సరిపోతుంది, పైపులో బుడగ లేకుండా చూసుకోవాలి. జాగాలో గుంతలు పూడ్చేటప్పుడు ఆరేసి అంగుళాల మట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ పైన మళ్లీ పోయాలి. ఒకేసారి రెండడుగులు పోసి పైన తొక్కితే మొదటి వానకే కుంగుతుంది.

ఈశాన్యాన ఇంకుడు గుంత: 5×5 అడుగులు, 6 అడుగుల లోతు. రాళ్లు నింపాక నీళ్లు పట్టేది సుమారు 1,700 లీటర్లు. ఈ జాగా మీద ఒక సెంటీమీటరు వాన పడితేనే 2,200 లీటర్లు. నేల కొంత పీల్చినా, సెప్టెంబరు వానకు గుంత నిండి పొర్లుతుంది. అందుకే గుంత పైఅంచు నుంచి రోడ్డు కాలువకు నాలుగంగుళాల పైపు వేయాలి. గుంత ఉంది కదా అని కాలువ దారి మూస్తే నీళ్లు జాగాలోనే నిలిచి, తేమ గోడ దాకా పాకవచ్చు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

మార్చి: గోడ

పడమటి గోడనే ఎందుకంటే నీడ కోసం. దాని ముఖం తూర్పుకు, కాబట్టి మధ్యాహ్నం దాటితే ఎండ వెనక్కి పోతుంది. మే నెల మొదట్లో సాయంత్రం 4 గంటలకు 9 అడుగుల గోడ నీడ 12 అడుగులు, 5 గంటలకు సుమారు 22 అడుగులు. జనం కూర్చునే చోటు ఆ కొలత లోపలే ఉండాలి. షామియానా ఖర్చు తప్పుతుంది.

గోడ అడుగున రెండడుగుల మేర ఉప్పు పట్టి ఉంది: తెల్లటి పొడి, పొక్కులు, వేలితో గీకితే రాలే సిమెంటు. చాలామంది దీన్ని నీళ్లతో కడుగుతారు. అది తప్పు. ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది, ఆరాక మళ్లీ పైకి వస్తుంది. పొడి బ్రష్షుతో దులిపి, రాలినదాన్ని చీపురుతో ఎత్తి బయట పారేయాలి. ఇంకో తప్పు, ఆ రెండడుగులకూ తాడిపత్రి బండలు అతికించడం. చూడ్డానికి బాగుంటుంది, కానీ తేమకు బయటికి పోయే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. రెండడుగుల ఉప్పు మూడడుగులవుతుంది. ఆ కింది పట్టీకి ఉత్త సున్నమే కొట్టాలి, ఏటా రాలితే ఏటా కొట్టుకోవాలి. బొమ్మ దాని పైనే మొదలు. మిగిలేది 40×7, అంటే 280 చదరపు అడుగులు.

పాత సున్నం మీద ఎమల్షన్ నేరుగా వేస్తే పొరలుగా ఊడుతుంది. నల్లగుడ్డ తడిపి రుద్దితే తెల్లగా అంటుకున్నంతసేపూ గీకాల్సిందే. ఊడిన చోట కొత్తగా పూసిన సిమెంటు అతుకులు మూడు నాలుగు వారాలు ఆరాలి. పచ్చి సిమెంటులోని ఘాటు రంగును తినేస్తుంది. తేమ ఉందో లేదో చూడ్డానికి అడుగున్నర ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అతికించి రాత్రంతా ఉంచాలి. పొద్దున లోపల చెమట కనిపిస్తే ఇంకో వారం ఆగడమే. పుట్టీ వైట్ సిమెంటుదే వాడాలి, లోపలి గోడల అక్రిలిక్ పుట్టీ ఒక్క వానాకాలం కూడా నిలవదు.

గోడ ఆరేలోపు నేల. కూర్చునే చోటు 24×20 అడుగులు. నాలుగంగుళాల గరుసుకు 160 ఘనపుటడుగులు, ట్రాక్టర్ రెండు ట్రిప్పులు. తడిపి రోలరు తిప్పితే మూడంగుళాలకు దిగుతుంది. అరుగులు 16 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు, పైన బండ. నల్లబండ మధ్యాహ్నం ఎండంతా తాగి, నీడ వచ్చాక కూడా గంటసేపు కాలుతుంది. గోడకు దగ్గరి వరసకు నల్లది, దూరపు వరసకు లేత రంగు బండ వేయడం మేలు.

ఏప్రిల్: రంగు

ప్రైమరు 4 లీటర్లు, తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకు 6 లీటర్లు, బొమ్మకు ఐదు రంగులు లీటరు చొప్పున. పెయింటర్లు పొద్దున్నే మొదలుపెట్టడం అలవాటు, కానీ ఈ గోడకు పొద్దుటి ఎండ తిన్నగా కొడుతుంది, రంగు బ్రష్షు మీదే ఆరి గీతలు పడతాయి. సాయంత్రం నాలుగు నుంచి వెలుగున్నంతసేపే పని.

రంగుల ఎంపికలో మొహమాటం వద్దు. గులాబీ, నిమ్మపసుపు లాంటివి ఇక్కడి ఎండకు ముందుగా వెలుస్తాయి. ఇటుక ఎరుపు, గోపీచందనపు పసుపు, నలుపు నిలుస్తాయి. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ మట్టిరంగులదే పైచేయి. స్టెయినరు (తెల్ల ఎమల్షన్‌లో రంగు కోసం కలిపే చిక్కటి ద్రవం) లీటరుకు 30 మిల్లీలీటర్లు దాటిస్తే రంగు సరిగా ఆరదు, తడిచేతికి అంటుతుంది.

బొమ్మ తోలుబొమ్మల తీరులో. పక్క నుంచి కనిపించే ముఖం, పెద్ద కన్ను, నల్లటి గీత. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ బొమ్మలు జిల్లాలో అందరికీ కంటికి పరిచయమే. కాగితం మీద అంగుళం, గోడ మీద అడుగు. గళ్ల గీతలకు దారాన్ని బొగ్గుపొడిలో ముంచి కొట్టాలి. కావిపొడి వాడితే లేత రంగు కింద నుంచి ఎర్రగా పైకి తేలుతుంది, రెండు పూతలు వేసినా పోదు. నిలువు గీతలకు తూకపు గుండు తప్పనిసరి. పక్కింటి గోడ అంచును నమ్మితే బొమ్మ ఒరుగుతుంది.

తోలుబొమ్మ నగల్లో దీపపు వెలుగు దూరే చిల్లులుంటాయి. గోడ మీద అవి తెల్లచుక్కలు. బ్రష్షుతో పెడితే ఒక్కోటి ఒక్కో సైజు వస్తుంది. చెక్కని పెన్సిలు వెనక భాగాన్ని రంగులో అద్ది, తిన్నగా ఆనించి, తిప్పకుండా తీయాలి. ఒక అద్దుకు రెండు చుక్కలు, మూడోది వెలవెలబోతుంది.

మిగిలినవి

జూన్ వానలకు ముందు నాలుగు కానుగ గుంతలు, 3×3×3 అడుగులు, గోడకు కనీసం పదడుగుల దూరంలో. కానుగను పశువులు పెద్దగా ముట్టవు. మొదటి ఏడాది ఎండాకాలం మొక్కకు 20 లీటర్లు, వారానికి రెండుసార్లు.

ఆట రోజు కట్టే తెరకు రెండంగుళాల ఇనుప పైపులు రెండు, 12 అడుగుల ఎడంలో. వాటిని నేలలో పాతేయకుండా, రెండున్నర అంగుళాల పైపు ముక్కలను రెండడుగుల లోతున కాంక్రీటులో దించి, ఆట ఉన్న రోజే అందులో నిలబెట్టాలి. ఆ ముక్కలకు మూతలు ఇంకా రాలేదు. మూత లేకపోతే పిల్లలు వారంలో రాళ్లతో నింపేస్తారు, అప్పుడు కాంక్రీటు పగలగొట్టడం తప్పదు.