సాధకము

మన పాత విద్యార్థుల సమ్మేళనం కోసం బడి గురించి సరదాగా రెండు పేజీలు రాయమన్నారు కమిటీ వారు. సరదా సంగతులు మన క్లాసు కంచు రాస్తాడు. నా వంతుకు మిగిలింది శనివారం మధ్యాహ్నం రెండున్నర, మేడ మీద గది, అక్కడ మనకు చర్చి పాట, ఆరాధన నేర్పిన శ్రుతి మాస్టారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఇంకేం చదివామో నన్నడక్కండి.

కొత్త కీర్తన నేర్పేటప్పుడు ఆయన పల్లవితో మొదలుపెట్టేవారు కాదు, గుర్తుందా? చరణంలో అన్నిటికన్నా పైకి ఎక్కే ముక్క ముందు పాడించేవారు. అక్కడ గొంతు బిగిస్తే హార్మోనియం మీద అర శ్రుతి దించేవారు. ఇంకా బిగిస్తే ఇంకో అర. అది కుదిరాకే పల్లవి. పల్లవి హాయిగా ఉందని పై శ్రుతిలో ఎత్తుకుంటే చరణానికి వచ్చేసరికి నలుగురు పాడతారు, మిగతా సంఘం వింటుంది. దాన్ని ఆయన కచేరి అనేవారు.

చర్చిలో అందరూ కలిసి పాడేటప్పుడు పాట సాగిపోవడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 30 మీటర్ల హాల్లో ముందున్న హార్మోనియం చివరి వరుసకు చేరేసరికి సెకనులో దాదాపు పదో వంతు గడుస్తుంది. వాళ్ళు విని పాడింది ముందుకు తిరిగొచ్చేసరికి ఇంకో పదో వంతు. ముందువాళ్ళు వాళ్ళకోసం ఆగితే పాట ఈడుపు మొదలవుతుంది. అందుకే వెనకవాళ్ళు తాళాన్ని చెవితో కాదు, నడిపించేవాడి చేతిని చూసి అందుకోవాలి. చప్పట్లు పడితే మాత్రం జబ్బు తిరగబడుతుంది, పాట పరుగెత్తుతుంది. 

అప్పట్లో ఎదిగిన విశ్వాసి అంటే కన్నీళ్ళతో ప్రార్థించేవాడని మన లెక్క. మాస్టారు హెబ్రీయులకు 5:14 తీసి, ఒక్క మాట కింద గీత గీయించారు: ‘సాధకము’. పాలు మాని బలమైన ఆహారం తినేవాళ్ళ జ్ఞానేంద్రియాలు అభ్యాసంతో సాధకమైనవని అక్కడుంది. పాటగాళ్ళు తెల్లారుజామున చేసేదీ సాధకమే కదా. ఆ మాట దొరికాక ఆయన మనల్ని వదల్లేదు. ఆరాధనలో ప్రతి ముక్కనీ ఆ లెక్కలోనే సాధన చేయించారు.

ఆదివారం ఆరాధన శనివారం రాత్రే మొదలు. మర్నాటి వాక్యపాఠం మూడుసార్లు పైకి చదవాలి, నెబుకద్నెజరు లాంటి పేర్లు ముక్కలు చేసుకుని. కానుక మడిచి బైబిల్లో పెట్టుకోవాలి, సంచి దగ్గరికొచ్చాక జేబు తడుముకోకూడదు. ఎవరితోనైనా చెడితే, మత్తయి 5:23-24 ప్రకారం ముందు అది చక్కబెట్టుకోవాలి. మన మూడో బెంచీలో కూర్చునే ముగ్గురూ పెరంబూర్‌లో లోకల్ రైలు దిగేలోపు మాటలు కలుపుకునేది అందుకే, ప్రేమ పొంగి కాదు.

ఆరాధనకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడికి ఏం పోతుంది? పాపపు ఒప్పుకోలు పోతుంది. తర్వాత వినిపించే క్షమాపణ మాట వాడికి జవాబులా ఉండదు, ప్రకటనలా ఉంటుంది. ‘ఆమేన్’ సంగతి 1 కొరింథీయులకు 14:16లో ఉంది. అర్థం కాని ప్రార్థనకు ఆమేన్ ఎలా అంటాం? అందుకని ప్రతి మనవినీ మనసులో వెంబడించి, ఒప్పుకున్నాకే అనాలి. గొణిగితే మళ్ళీ అనిపించేవారు.

ఆరాధనలో ఒకరికొకరు చేతులు కలిపి ‘సమాధానం’ (శాంతి) ఇచ్చిపుచ్చుకోవడం మీదే మూడు శనివారాలు పోయాయి. 1947 సెప్టెంబర్ 27న మన మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తన ఆరాధన క్రమంలో దీన్ని వివరంగా రాసుకుంది. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనాలి, ఇద్దరి ఎడమ చేతులూ ఎదుటివారి కుడి చేతిని మూయాలి. ముందు నుంచి వెనక్కి, ఒకరి నుంచి ఒకరికి అందాలి. మన వరుసలో అదెప్పుడూ కిటికీ దగ్గర ఆగిపోయేది. ఎందుకో మీకు తెలుసు, నేను రాయను.

ఆయనకు అసలు కోపం ‘ఒకటి, రెండు, చివరి చరణం’ అనే ప్రకటన మీద. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి తెలుగు క్రైస్తవ కవులు కీర్తనల్ని పల్లవి, చరణాల కట్టులో, రాగతాళాలతో రాశారు. చరణం మారినప్పుడల్లా అదే పల్లవి కొత్త అర్థంతో తిరిగొస్తుంది. మధ్యవి కోసేస్తే శిలువ దగ్గర ఉన్నవాళ్ళం ఒక్క గెంతులో పరలోకంలో పడతాం. 

నా సంగతి ఒక్క ముక్క. వేపేరి వైపు మా తెలుగు సంఘంలో అరవై మందిమి, హార్మోనియం నాది. కరెంటు పోయి మైకు ఆగినా పాట ఆగదు. మాస్టారు వచ్చి చివరి వరుసలో కూర్చుని ఉంటే బాగుండేది.

సమ్మేళనం రోజు కీర్తన పెడుతున్నారట. ఎవరు ఎత్తుకున్నా సరే, ముందు పై ముక్క పాడి చూడండి. మన వయసుకు అర శ్రుతి చాలదు, రెండు దించాల్సి రావచ్చు. చరణాలు మాత్రం కోయకండి. ఆలస్యమైతే భోజనాలు ఆగుతాయిలే.