బ్యారేజీ గాలి, బాబాయి మాట

ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలి ఒంటికి హాయి, మైకుకి నరకం. క్యామ్‌కార్డర్‌ సొంత మైకులో గాలి బుర్రుమంటుంది, మాట వినపడదు.

నిన్న అక్కడ బాబాయి చేత 2016 పుష్కరాల కబుర్లు చెప్పించాను. బొచ్చు తొడుగున్న కాలర్ మైకు చొక్కాకి పెట్టి, గాలి వీపుకి తగిలేలా నిలబెట్టాను. కెమెరా మెనూలో 'లో కట్' (బొంగురు శబ్దాల్ని కోసేసే సెట్టింగ్) ఆన్ చేస్తే అడుగున ఉండే గుయ్‌మనే మోత చాలావరకు తగ్గింది. స్పాంజి తొడుగు గదిలో సరే, ఏటి గాలికి ఆగదు. ఎడిటింగ్‌లో తీసేద్దాంలే అనేవాళ్లని నేను నమ్మను, గాలితో పాటు గొంతూ పాడవుతుంది.

ఆ బొచ్చు చూసి బాబాయి "ఏంట్రా, చొక్కాకి ఎలకపిల్లని తగిలించావు?" అన్నారు. అదీ శుభ్రంగా రికార్డయింది.